అరిచి అరిచి సొమ్మసిల్లిన కారు

కారు చచ్చిపోయిందన్న సంగతి నాకు మొదట తలకెక్కలేదు. తాళంచెవికి ఉన్న మీట నొక్కాను. రోజూ అయితే కుయ్‌మని ఒక కూత పెట్టి, నాలుగు మూలలా పసుపు లైట్లు వెలిగించి, తలుపుల గడియలు టక్కున లేపే బండి ఆ పొద్దున ఏమీ అనలేదు. మళ్ళీ నొక్కాను. దగ్గరికి పోయి అద్దానికి ఆనించి నొక్కాను. స్టీరింగు పక్కన పగలూ రాత్రీ మిణుకుమనే ఎర్రచుక్క కూడా లేదు. నా వెనక వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలో బావ కూర్చుని ఉన్నాడు. ఆయన ఊపిరి గురగుర నాకు కారు దగ్గరికి వినపడుతోంది.

తాళంచెవి తలుపుకు పెట్టి చేత్తో తిప్పి తెరిచాను. అలా తెరిస్తే ఊరు లేచేలా అరవాలి అది. అరవలేదు. సెల్ఫ్ కొట్టాను. టిక్కుమని కూడా అనలేదు. బ్యాటరీ ఎవరో ఎత్తుకుపోయారనుకుని బానెట్ లేపి చూస్తే అది ఉన్నచోటే నిక్షేపంగా కూర్చుని ఉంది. దొంగ ఎత్తుకుపోయినా నేను అంత బిత్తరపోయేదాన్ని కాదు. తిట్టుకోవడానికి ఒక మనిషైనా దొరికేవాడు.

"ఏమైందే?" అంది అక్క, బావకు శాలువా కప్పుతూ.

"చచ్చింది" అన్నాను. బావ ముందు ఆ మాట అన్నందుకు వెంటనే నాలుక కరుచుకున్నాను. ఆయన మాత్రం నా వైపు చూడలేదు. కారు వైపు చూస్తున్నాడు.

బావకు రెండు కిడ్నీలూ పనిచేయడం మానేసి అప్పటికి రెండేళ్ళు దాటింది. సోమవారం, గురువారం వనపర్తి దవాఖానలో డయాలసిస్. పొద్దున మొదటి వంతు ఆయనది. వేళకు పోయి మంచం ఎక్కకపోతే ఆ మిషను వెనకున్న వాళ్ళకు పోతుంది, ఆ రోజుకిక దొరకదు. అక్కది గోపాల్‌పేట పొలిమేరలో, చెలకల అంచున ఉన్న ఇల్లు. బావ మంచాన పడ్డాక నేనూ అక్కడికే చేరాను. నాకు పెండ్లి కాలేదు, ఆ మాట ఎత్తితే కోపం వస్తుంది కనుక ఎవరూ ఎత్తరు. నాగర్‌కర్నూల్‌లో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో పౌరశాస్త్రం చెబుతాను. ఆడవాళ్ళకు బస్సు ఉచితమైనప్పటి నుంచి ఇంటి ముందే ఎక్కి, కాలేజీ ముందే దిగుతున్నాను. సోమ, గురువారాలు నాకు క్లాసులు వేయొద్దని అడిగితే, మా ప్రిన్సిపల్ ముఖం ముడుచుకుంటూనే ఒప్పుకున్నాడు.

మొదట్లో బావను ఆటోలో తీసుకుపోయేవాళ్ళం. పోయేటప్పుడు బాగానే ఉండేది. వచ్చేటప్పుడు, ఒంట్లో నీరంతా తీసేశాక, ప్రతి గుంతకూ ఆయనకు కళ్ళు తిరిగేవి, వాంతులయ్యేవి. చూడలేక, గద్వాలలో ఒక బట్టల షావుకారు అమ్ముతున్న పాత కారు కొన్నాను. ఆయన ఇల్లు కోట దగ్గర ఇరుకు గల్లీలో ఉంది. వచ్చేపోయేవాళ్ళు కారుకు ఆనుకుని ముచ్చట్లు పెడుతున్నారని, కంపెనీ ఇచ్చింది చాలక, బయటి నుంచి ఇంకో అలారం తెప్పించి బిగించుకున్నాడు. "ఒక్కసారి చెయ్యి వేసి చూడండి మేడం" అని మురిసిపోతూ బానెట్ మీద తానే చరిచాడు. అది పెట్టిన కేకకు గల్లీలో బట్టలు ఆరేసుకుంటున్న వాళ్ళంతా తిరిగి మమ్మల్నే చూశారు. నాకు సిగ్గేసింది, లోపల ఎక్కడో గర్వంగా కూడా అనిపించింది.

కారు ఇంటికి తెచ్చిన రోజు బావ దాని చుట్టూ ఒకసారి తిరిగి, కట్టెతో చక్రాన్ని పొడిచాడు. అది అరిచింది. నేను పరుగెత్తి మీట నొక్కి ఆపాను.

"నీ లెక్కనే ఉన్నది మరదలా" అన్నాడు బావ. "ముట్టుకుంటే అరుస్తది."

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆయన నవ్వించి చాలా రోజులైంది గనుక నేను కోపం తెచ్చుకోలేదు.

బావ జబ్బు పడకముందు మనిషి వేరు. ఆయన గొంతుకు మా చుట్టుపక్కల పేరు. చెలక గట్టున నిలబడి ఒక్క కేక వేస్తే అవతలి చెలకలో మేస్తున్న అడవిపందులు కూడా లేచి పారిపోయేవని చెప్పుకునేవారు. పల్లికాయ కాలం వచ్చిందంటే ఆయనకు ఇద్దరు మనుషుల పని. ఇప్పుడు ఆ గొంతు లేదు. డయాలసిస్ సూదుల కోసం ఎడమ చేతికి ఆపరేషన్ చేశారు, దానితో బరువు ఎత్తొద్దన్నారు, రాయి విసరొద్దన్నారు. గులేరు రబ్బరు సాగదీసే శక్తి కుడి చేతికీ లేదు. రోజుకు ఇన్ని నీళ్ళే తాగాలని కొలిచి ఇస్తే, ఆ గ్లాసు వైపు చూస్తూ పొద్దు పుచ్చేవాడు. ఏ పనీ చెప్పకుండా కూర్చోబెట్టినందుకు ఆయన మా మీద కోపంగా ఉండేవాడు. ఆ కోపాన్ని మేం జబ్బు కింద జమకట్టుకున్నాం.

ఈసారి పల్లికాయ పీకి ఇంటి ముందు ఆరబోసినప్పుడు, కావలికి మనిషి దొరకలేదు. అక్క పొలంలో, నేను కాలేజీలో. కోతులు మాత్రం పొద్దుపొడవగానే ప్రహరీ గోడ మీద బారులు తీరి కూర్చునేవి. చూస్తూ చూస్తూ గుప్పెళ్ళతో ఎత్తుకుని గోడ మీదే ఒలుచుకు తిని, పొట్టు మన వాకిట్లోనే పోస్తాయి. నేను కూర్చుంటానన్నాడు బావ. వద్దంటే ఆయన మొహం చూడలేం. సరే, నీడకు కూర్చో, కోతులు పోతే పోనీ అనుకుని, నులక మంచం వాకిట్లో వేసిచ్చాం.

ఆ పదిహేను ఇరవై రోజుల్లో నేను కొన్ని వింతలు చూశాను. చూసి, ఒకదానితో ఒకటి కలపలేదు. సాయంత్రం నేను బస్సు దిగి వచ్చేసరికి ఒక్క కాయ కూడా పోయినట్టు ఉండేది కాదు. బావ ముఖంలో పాత వెలుగు కొంచెం కొంచెంగా తిరిగి వస్తోంది. మంచం మెల్లమెల్లగా జరిగి కారు పక్కకు చేరింది, నీడ కోసం కాబోలు అనుకున్నాను. అన్నిటికన్నా వింత, వాకిట్లో పల్లికాయ రోజురోజుకూ పెరిగిపోతోంది. కారు చుట్టూ, గేటు దాకా ఎర్రమన్ను అంటిన కాయలు ఒకటే పరుపు. మా చెలక ఇంత పండిందా అక్కా అంటే, "పండింది తియ్యి" అని అక్క వంటింట్లోకి పోయింది. వీధిలో ఆడవాళ్ళు బావకు ఉడకబెట్టిన పల్లికాయ తెచ్చిపెట్టి, ఉప్పు వేయలేదు అన్నా అని చెప్పి మరీ పోయేవారు. జబ్బుమనిషి మీద జాలి అనుకుని నేను కరిగిపోయాను.

ఇంతలో పెద్దమందడిలో దగ్గరివాళ్ళ పెండ్లి వచ్చింది. సరిగ్గా గురువారమే వచ్చింది. ఒక్క వంతు ఎగ్గొడితే ఏం కాదని బావ మొండికేశాడు. నేను అరిచాను. అక్క అటూ ఇటూ కాకుండా నిలబడింది. చివరికి చుట్టాలు జీపు పంపితే అందులో ఎక్కి పోయి, అక్షింతలు వేసి, పప్పు నాలుగు గరిటెలు ఎక్కువే తిని వచ్చాడు. అంటే ఆ గురువారం మా కారు వనపర్తికి పోనే లేదు. సోమవారం మధ్యాహ్నం వాకిట్లో పెట్టింది పెట్టినట్టే ఉంది. శనివారానికి బావ కాళ్ళు ఉబ్బాయి. ఆదివారం ముఖం ఉబ్బింది, ఆ రాత్రి పడుకుంటే ఊపిరి ఆడక కూర్చునే తెల్లవార్చాడు.

అలాంటి సోమవారం పొద్దున కారు చచ్చింది.

108కి ఫోన్ చేశాను. పంపిస్తున్నామన్నారు, కానీ అది ఎంత దూరం నుంచి రావాలో తెలియదు. ఆటోల కోసం రోడ్డు మీదికి పరుగెత్తాను. పల్లికాయ పీకే కాలంలో మా ఊరి ఆటోలన్నీ చీకటితోనే కూలీలను ఎక్కించుకుని చెలకలకు పోతాయి. రోడ్డు ఖాళీగా ఉంది. తిరిగి వచ్చేసరికి బావ ముందుకు వంగి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఊపిరి పీలుస్తున్నాడు. పెదవుల రంగు మారింది.

"నెట్టుదాం" అంది అక్క.

కారు ముందు గేటు దాకా పల్లికాయ పరిచి ఉంది. నేను చీపురు కోసం చూశాను. అక్క నా చెయ్యి పట్టుకుని లాగింది. రాలిన ఒక్కొక్క కాయనూ వంగి ఏరి కొంగులో వేసుకునే మనిషి ఆమె.

"తొక్కనియ్యి" అంది. "దాని మీదికెల్లే పోనియ్యి."

బావను వెనక సీట్లోకి ఎక్కించాం. నేను స్టీరింగు పట్టుకున్నాను. అక్క, ఎదురింటి ఇద్దరు వెనక నుంచి నెట్టారు. చక్రాల కింద పల్లికాయ పటపటమని పగులుతుంటే, ఆ చప్పుడు నా పళ్ళ మధ్య అవుతున్నట్టు ఉంది. గేటు దాటి రోడ్డెక్కాక రెండో గేరులో పెట్టి క్లచ్ వదిలాను. బండి ఒక్కసారి ఎగిరి కూలబడింది. మళ్ళీ నెట్టారు. మళ్ళీ అదే. లోపల ఒక్క చుక్క కరెంటు లేకపోతే ఎంత నెట్టినా ఆ రకం ఇంజను అందుకోదని తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం నేను స్టీరింగును అరచేత్తో కొట్టాను. హారన్ కూడా మోగలేదు.

మా పక్కింట్లో ట్రాక్టరున్న చాచా ఉంటాడు. అక్క కేకకు ఆయన లుంగీ ఎగగట్టుకుని వచ్చి, కారులో బావ వాలకం చూసి, ఒక్క మాట అడగకుండా వెనక్కి తిరిగి ట్రాక్టరు తెచ్చాడు. దాన్ని కారు ముక్కుకు ముక్కు ఆనించి ఆపి, ఎర్రదొకటి, నల్లదొకటి లావుపాటి వైర్లు తీశాడు. ట్రాక్టరు బ్యాటరీకీ మా బ్యాటరీకీ కొసలు తగిలించాడు.

కారు లేచింది. లేవడం లేవడమే గొంతు చించుకుని అరిచింది. నాలుగు మూలలా లైట్లు కొట్టుకుంటున్నాయి. ఊరుకున్న శవం లేచి కూర్చుని ఏడ్చినట్టు అనిపించి నేను రెండడుగులు వెనక్కి వేశాను.

అసలు దిమ్మ తిరిగింది ఆ తర్వాత. ఆ అరుపుకు వీధిలో తలుపులన్నీ ఒక్కసారి తెరుచుకున్నాయి. ఆడవాళ్ళు కట్టెలు పట్టుకుని, చీపుళ్ళు పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. మా దగ్గరికి కాదు. కారు దగ్గరికీ కాదు. మమ్మల్ని దాటుకుని, తిన్నగా మా వాకిట్లోకి పోయారు. ఒక ముసలామె ప్రహరీ మీదికి కట్టె ఆడిస్తూ హుష్ హుష్ అంటోంది. ఇంకొకామె ఒక కుప్ప ముందు చేతులు చాపి నిలబడింది, అది తన పిల్లల్లో ఒకరైనట్టు. గోడ మీద ఏమీ లేదు. ముసలామె అన్ని దిక్కులా చూసి, నా వైపు తిరిగింది.

"ఏవి కోతులు?" అంది. "మీ బావ కొట్టలేదా బండిని?"

చాచా వైర్ల మీదికి వంగిపోయాడు. అక్క నేల చూసింది. వెనక సీట్లో బావ, అంత ఆయాసంలోనూ, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

అప్పుడు చూశాను. వాకిట్లో ఒకటే పరుపు అనుకున్నది పరుపు కాదు. మధ్యమధ్యన సన్నగా ఇటుక ముక్కలు పేర్చి హద్దులు పెట్టుకున్నారు. ఒక మూల చాచా వాళ్ళది, ఒక మూల ముసలామెది, గేటు దగ్గర ఎదురింటి వాళ్ళది. వీధి వీధంతా పంట తెచ్చి మా కారు చుట్టూ ఆరబోసుకుంది. ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతి, ఆ కారు కొన్న మనిషికి ఒక్కదానికే తెలియదు. పిల్లలకు పౌరశాస్త్రం చెప్పే నాకు నా వాకిట్లో ఏం జరుగుతోందో తెలియదు.

108 జాడ ఇంకా లేదు. అరుపు ఆపి ఇంజను పట్టించాను. అక్క బావను ఒడిలోకి ఆనించుకుని కూర్చుంది. ఇంజను ఆపకు బిడ్డా, ఎక్కడా ఆపకు అని చాచా వెనక నుంచి చెబుతూనే ఉన్నాడు. రోడ్డెక్కాక కోపమంతా గేర్ల మీద చూపించాను. మాట్లాడితే తిట్లే వస్తాయని తెలుసు.

చెప్పడం అక్క మొదలుపెట్టింది. మొదటిరోజే కోతులు వచ్చాయట. బావ కట్టె తీసుకుని లేవబోయి తూలి కారు మీద పడ్డాడట. కారు అరిచిందట. గోడ మీది మంద మంద దిగి పారిపోయిందట. ఆ రోజు నుంచి కోతి కనబడినప్పుడల్లా మంచం మీద నుంచే కట్టె చాపి బానెట్ మీద ఒకటి వేయడం, అది అర నిమిషం అరిచి దానంతట అది ఊరుకోవడం. నేను బస్సెక్కాక మొదలు, నేను బస్సు దిగే వేళకు బంద్. నేను ఇంట్లో ఉన్న రోజు బండిని ముట్టేవాడే కాదట. నాకు చెబితే కారు మీద గీతలు పడతాయని అరుస్తానట.

"గీతలా?" అన్నాను. నా గొంతు నాకే వింతగా వినపడింది. "గీతల సంగతి కాదక్కా. బ్యాటరీ మొత్తం పీల్చేసింది ఆ అరుపు. నిన్ను దవాఖానకు తోలే బండి బావా ఇది. దీన్ని కోతుల మీదికి తోలినవా?"

అద్దంలో బావ కళ్ళు తెరిచాడు. ఒక్కో మాటకూ ఊపిరి అందుకుంటూ చెప్పాడు.

"ఇంజన్ బంద్ ఉంటది గద మరదలా. పెట్రోల్ తాగదు. అరిస్తే ఏం పోతదనుకున్న."

ఆ మాటకు నాకు కోపం సగం తగ్గింది. నాకు మాత్రం ఎవరు చెప్పారు? ఇంజను ఆపితే బండి నిద్రపోతుందనే నేనూ అనుకున్నాను. కానీ ఆయన అక్కడితో ఆగలేదు.

"శుక్రవారం సంది గొంతు తగ్గింది దానిది. మొన్న పగటిపూట కుయ్యి కుయ్యి అని ఆగిపోయింది. నాకు తెలిసింది."

"తెలిస్తే చెప్పవద్దా?"

"చెప్తే తీపిస్తవని చెప్పలే." కాసేపు ఊపిరి పీల్చుకున్నాడు. "నేనరిస్తే ఒక్క కోతి గూడ లేస్తలేదు."

నేను రోడ్డు మీద చూపు నిలపలేకపోయాను. రాత్రంతా ఊపిరి అందక కూర్చున్న మనిషి, పొద్దున తనను మోసుకుపోవలసిన బండి గొంతు పడిపోయిందని తెలిసి, తెలిసి కూడా నోరు మెదపలేదు. చావు కంటే మంచం మీద ఊరికే కూర్చోవడమే ఆయనకు ఎక్కువ భయమైంది. అక్క ఏడుస్తోంది, కానీ ఆమె ముఖంలో ఆశ్చర్యం లేదు. ఆమెకు ఆయన సంగతి ముందే తెలుసు.

దవాఖానలో బావను చూడగానే సిస్టర్లు చక్రాల మంచం తెచ్చారు. వంతు దాటడానికి ఇంకొంచెమే ఉంది. ఆక్సిజన్ పెట్టి, మిషనుకు ఎక్కించారు. డాక్టరు బయటికి వచ్చి పెండ్లి సంగతి విని, మమ్మల్నిద్దరినీ చదువుకున్నవాళ్ళేనా అని అడిగాడు. ఇంకొంత ఆలస్యమైతే ఊపిరితిత్తుల నిండా నీరు చేరి మనిషి దక్కేవాడు కాదన్నాడు. అక్క లోపలికి పోయి మంచం పక్కన కూర్చుంది.

నేను కారులోకి వచ్చి పడ్డాను. ఇంజను ఆపితే మళ్ళీ లేస్తుందో లేదో తెలియదు, అందుకని ఆపలేదు. గేటు దగ్గర బండి ఊరికే నడుస్తూ నిలబడితే వాచ్‌మన్ ఒప్పుకోలేదు. లోపల మిషను బావ రక్తాన్ని తిప్పి తిప్పి కడుగుతుంటే, నేను వనపర్తి వీధుల్లో కారును తిప్పి తిప్పి తోలాను. చివరికి పెబ్బేరు రోడ్డులో ఒక బ్యాటరీల దుకాణం ముందు ఆపాను.

ఆ దుకాణదారు మాటకారి. చూడకుండానే బ్యాటరీ పోయింది, కొత్తది వేయమన్నాడు. నేను కొత్తది వేయడానికి రాలేదు, ఎందుకు పోయిందో తెలుసుకోవడానికి వచ్చానని గట్టిగా అన్నాక మీటరు తీశాడు. కారు తాళం వేసి ఊరికే ఉంచినా, ఆ ఎర్రచుక్క మిణుకుమనడానికీ, ఎవరు ముట్టుకుంటారా అని కాచుకుని ఉండడానికీ కొంచెం కొంచెం కరెంటు తాగుతూనే ఉంటుందట. అరిచిందంటే సైరను, నాలుగు మూలల లైట్లు కలిసి గుటకలు గుటకలుగా తాగుతాయట. గోపాల్‌పేట నుంచి వనపర్తికి వారానికి రెండుసార్లు వచ్చిపోయే పరుగుతో తాగినదంతా తిరిగి నిండదట. బ్యాటరీ నీరసపడ్డాక కొన్ని అలారాలు ఎవరూ ముట్టకున్నా ఉలిక్కిపడి అరుస్తాయట, అరిచి ఉన్న కాస్తా పోగొట్టుకుంటాయట. వింటున్నకొద్దీ నా కోపం మళ్ళీ పొంగింది. బట్టల షావుకారు మీద, కోతుల మీద, వీధి మీద, అందరికన్నా బావ మీద.

"తీసెయ్యి" అన్నాను. "తలుపుల తాళం ఉంచు. అరిచేదంతా పీకెయ్యి."

అరచేతిలో పట్టేంత నల్లటి బుడ్డి ఒకటి, దాని వైర్లతో సహా పీకి నా చేతిలో పెట్టాడు. నేను దాన్ని డిక్కీలో పడేశాను. బ్యాటరీకి అక్కడే చార్జింగ్ పెట్టించాను.

మధ్యాహ్నానికి బావ మనిషయ్యాడు. ఉబ్బు తగ్గి, ముఖం బయటపడింది. వచ్చేటప్పుడు, అలారం పోయిందో లేదో చూద్దామని నేను కారు తలుపు వేసి తాళం పెట్టి మళ్ళీ తీయడం బావ చూశాడు. స్టీరింగు పక్కన ఎర్రచుక్క వెలగలేదు. ఆయన దాని వైపు ఒకసారి చూశాడు, నా వైపు ఒకసారి చూశాడు. ఎక్కి, తలుపు తానే వేసుకున్నాడు. ఇంటికి వచ్చాక చూస్తే, గేటు దాకా చక్రాల కింద పగిలిన పల్లికాయను ఎవరో అప్పటికే చాటలకెత్తి ఒక పక్కన పోశారు.

మరునాడు పొద్దున నేను మామూలుగా సంచి భుజానికి తగిలించుకుని గేటు ముందు బస్సు కోసం నిలబడ్డాను. అక్క పొలానికి పోయింది. బావ మంచం మళ్ళీ కారు పక్కనే ఉంది. వేయొద్దని నేను అనలేకపోయాను. డయాలసిస్ మర్నాడు ఆయనకు ఎప్పుడూ నీరసమే, అయినా కట్టె ఒళ్ళో పెట్టుకుని నిటారుగా కూర్చున్నాడు.

కోతులు వచ్చాయి. ముందు ఒక పెద్దది గోడ మీద నడుచుకుంటూ వచ్చి కూర్చుంది. వెనక తల్లులు, వాటి పొట్టకు పిల్లలు. బావ కట్టె చాపి బానెట్ మీద కొట్టాడు. టప్ అని చప్పుడైంది, అంతే. ఇంకోసారి కొట్టాడు. తర్వాత దీపం పక్కన, తర్వాత తలుపు మీద, ఎక్కడ కొడితే పలుకుతుందో వెతుకుతున్నట్టు కొట్టాడు. ఆయనకు తెలుసు. నిన్ననే చూశాడు. అయినా కొట్టి చూశాడు.

పెద్ద కోతి వాకిట్లోకి దిగింది. బావ కట్టె కింద పెట్టి, గొంతు సవరించుకుని, కేక వేశాడు. ఒకప్పుడు చెలక దాటి వినపడిన గొంతు. నేను గేటు దగ్గర ఉన్నాను, నాకే సరిగా వినపడలేదు. కోతి పల్లికాయ మధ్యలో కూర్చుని, ఒకటి ఒలుచుకుని నోట్లో వేసుకుంటూ ఆయన వైపు చూసింది. ఆయన మళ్ళీ అరిచాడు. ఒక్కటి కూడా లేవలేదు.

బస్సు వచ్చి ఆగింది. కండక్టరు నన్ను చూసి ఎక్కమన్నాడు. నేను సంచి అక్కడే పడేసి లోపలికి పరుగెత్తాను. కారు తలుపు తీసి, సీటు అంచున కూలబడి, రెండు చేతులూ హారన్ మీద పెట్టి నొక్కాను. బలమంతా పెట్టి నొక్కాను. కోతులు ఎగిరి గోడ దాటాయి. వీధిలో తలుపులు తెరుచుకున్నాయి, ముసలామె కట్టె పట్టుకుని గేటు దాకా వచ్చి నిలబడిపోయింది. నేను చేతులు తీయలేదు. కళ్ళ నిండా నీళ్ళు, ఏమీ కనబడటం లేదు. బస్సు పోయిన సంగతి కూడా నాకు తెలియదు.

అద్దం మీద కట్టెతో ఎవరో మెల్లగా తట్టారు. చేతులు తీశాను. బావ మంచం దిగి, కారుకు ఆనుకుని నిలబడి ఉన్నాడు.

"జర ఆపు మరదలా" అన్నాడు. "ఇంజన్ బంద్ ఉన్నది. బ్యాటరీ దిగిపోతది."